సైకిల్ దిగని మనిషి

నా చిన్నప్పుడు మా లైన్లోకి రోజూ ఒక మనిషి సైకిల్ మీద వచ్చి, ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా వెళ్లిపోయేవాడు. గోదావరిఖనిలో బొగ్గుబావుల కార్మికులకు కంపెనీ కట్టించిన క్వార్టర్లు మావి. ఎదురెదురుగా రెండు వరుసల ఇళ్లు, మధ్యలో మట్టిరోడ్డు, చివర ఒక నల్లా. దాన్నే మేం లైను అనేవాళ్లం. ఆ సైకిల్ మనిషి బావి దగ్గర టైం ఆఫీసులో అటెండరు. ఆఫీసు కాగితాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం ఆయన పని. ఆ పనిలోనే ఇంకో పని కూడా కలిసి ఉండేది. బావిలో ఎవరికైనా ఏమైనా జరిగితే ఆ ఇంటికి కబురు తెచ్చేది ఆయనే.

అందుకని మా లైను ఆడవాళ్లు ఆయన సైకిల్‌ను ఒక రకంగా చదవడం నేర్చుకున్నారు. ఆగకుండా పోతే ఆ పూటకు గండం గడిచినట్టు. ఎవరి ఇంటి ముందైనా దిగితే ఆ ఇల్లు మునిగినట్టు. దూరంగా గంట వినిపించగానే చేతిలో ఉన్నది ఉన్నచోట పడేసి లోపలికి పోయి గొళ్లెం పెట్టుకునేవాళ్లు. తలుపు మూసి ఉంటే కబురు పక్కింటికి పోతుందని అనుకునేవాళ్లేమో! ఎవరూ పైకి అలా అనలేదు గానీ, చేసే పని మాత్రం అదే. ఆ తలుపుల వెనక నుంచి సైకిల్ చప్పుడు దూరమయ్యేదాకా ఎవరూ ఊపిరి పీల్చేవాళ్లు కాదు. మా అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని నోరు మూసేది. నేను మాట్లాడితే ఆయన వింటాడని ఆమె భయం.

ఆయనకు ఇదంతా తెలుసు. అందుకే దిగేవాడు కాదు. గోలేటి నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. భార్యాపిల్లలు అక్కడే ఉన్నారు. మా లైనులోనే చివరి క్వార్టర్లో ఒక్కడే ఉండేవాడు. డ్యూటీ అయ్యాక కూడా మా ముందు నుంచి రాకుండా, వెనక సందులో సైకిల్ నడిపించుకుంటూ దొడ్డితలుపు గుండా ఇంట్లోకి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని చర్చికి నడిచి వెళ్లేవాడు. నడిచి వెళ్లేటప్పుడు కూడా ఆయనకు ఎవరూ ఎదురు పడేవాళ్లు కాదు. వచ్చి ఎనిమిది నెలలైనా ఆయనది ఏ ఊరో, ఆయనకు పిల్లలెందరో మా లైన్లో అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

నాకప్పుడు పదకొండేళ్లు. మా బాపు బావిలో కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు ఆనించి నిలబెట్టాలి. అది ఇద్దరు కలిసి చేసే పని. బాపుకు జోడీ మా పక్కింటి బావ. నాకు బావ ఎలా అయ్యాడంటే, ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి. చుట్టరికం ఏమీ లేదు. పెళ్లయి రెండేళ్లే అయింది వాళ్లకు. రోజూ నా జడ అక్కే వేసేది. మా అమ్మ వేస్తే తల నొప్పి పుట్టేలా లాగుతుందని నేను నూనె సీసా పట్టుకుని పొద్దున్నే పక్కింటికి పరుగెత్తేదాన్ని. బావ ఏడో తరగతి దాకా చదివాడు. మా బాపు అయిదుతో ఆపేశాడు. బావ ఆ సంగతి ఎత్తి మా బాపును ఆటపట్టించేవాడు, మా బాపు నవ్వి ఊరుకునేవాడు.

ఆ సంవత్సరం వానలు విడవకుండా పడ్డాయి. కప్పు గట్టిగా ఉందో లేదో చూడడానికి బావిలో ఇనుప కడ్డీతో పైకి కొట్టి చూస్తారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ అలవాటు కొద్దీ బాపు ఇంట్లో కూడా అన్నం తింటూ తింటూ వేలి కణుపుతో గోడను కొట్టి, తల వంచి వినేవాడు. మామూలుగా అది చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఆ వానల్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఒకరోజు మా అవ్వ, అంటే బాపు తల్లి, కంచం ముందు కూర్చుని నేరుగా అడిగింది.

"ఎట్లున్నది రా కప్పు?"

"మాట్లాడుతాందే అవ్వా. గురగుర అంటాంది. నీళ్లు గూడ కారుతున్నయి" అన్నాడు బాపు.

మా తాతయ్య బావిలోనే పోయాడు. అప్పటి నుంచి అవ్వకు ఉన్నది ఒకటే కోరిక. కొడుకు ఎలాగైనా భూమి మీదికి రావాలి. పైపని ఏదైనా సరే, ఊడ్చే పనైనా సరే. కానీ పైపని దొరకడం మాటలా? ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు. మా లోకమంతా ఆ రెండు వరుసల ఇళ్లు. అందులో ఉన్న మగవాళ్లంతా బావిలో దిగేవాళ్లే.

నేను చెప్పదలుచుకున్న రోజు ఆ వానల మధ్య ఒక్కసారిగా కాసిన ఎండరోజు. వానలకు మా బడికి సెలవులిచ్చారు. బాపు, బావ మొదటి షిఫ్టుకు పోయారు. పదకొండు గంటలప్పుడు సైకిల్ గంట వినిపించింది. ఎప్పటిలాగే నల్లా దగ్గర బిందెలు వదిలేసి ఆడవాళ్లు లోపలికి పోయారు. టపటపా గొళ్లేలు పడ్డాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. అవ్వ మాత్రం ఒక చెంబు నిండా నీళ్లు పట్టుకుని గడప దాటి, రోడ్డు మధ్యలోకి పోయి నిలబడింది.

సైకిల్‌కు అడ్డంగా నిలబడింది! ఆయన బ్రేకులు పట్టి, పడబోయి, ఆ సీటు మీదే అటూ ఇటూ ఊగుతూ నిలదొక్కుకున్నాడు. అప్పటికీ కాలు కింద పెట్టలేదు. పక్కకు జరిగి, ఒక చేత్తో మా గోడ పట్టుకున్నాడు.

"దిగు కొడుకా. నీళ్లు తాగి పో" అంది అవ్వ.

"వద్దవ్వా. నేను దిగితే మీ ఇంట్ల శోకాలు వెడ్తరు."

"కబురేమన్న తెచ్చినవా?"

"లేదు. అందరు మంచిగున్నరు."

"మరి దిగితే ఏమైతది? దిగు."

ఆయన సైకిల్‌ను గోడ వైపుకు ఒరిగించాడు. తర్వాత ఒక కాలు నేల మీద పెట్టాడు. ఆ పెట్టడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. నీళ్లెంత లోతున్నాయో తెలియని చోట దిగేవాడిలా, బొటనవేలు ముందు ఆనించి, తర్వాత మడమ దించాడు. ఎదురింటి కిటికీలో ఎవరో చిన్నగా ఏడుపు మొదలుపెట్టారు. మా ఇంటి పని అయిపోయిందని వాళ్లు అనుకున్నారు. లోపల మా అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. అవ్వ వెనక్కి తిరిగి, "ఏం గాలేదు, లెవ్వు" అని కసిరింది. ఆ కసురు లైను అంతా వినాల్సింది. కానీ గొళ్లెం పెట్టుకున్నవాళ్లకు ఏడుపు వినిపించినంత బాగా మామూలు మాట వినిపించదు.

ఆయన మా మెట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్లూ తాగాడు. అవ్వ పక్కన కూర్చుని, ఏ ఊరు, పిల్లలెందరు, వంట ఎవరు చేస్తారు అని వరుసగా అడిగింది. నాకు అప్పుడు ఆశ్చర్యమేసింది, ఇన్నాళ్లూ ఆయనకు ఊరూ పిల్లలూ ఉంటారని నాకు తోచనే లేదు. మా తాతయ్య పోయిన రోజు కబురు తెచ్చిన మనిషిని అవ్వ మన్నెత్తి పోసి తిట్టిందట. అతను ఎండలో నిలబడి తిట్లన్నీ పడి, దాహంతోనే వెళ్లిపోయాడట. "ఆయన చంపిండా ఏంది, చెప్పిండు" అని ఆ పూట అవ్వ ఆ సంగతంతా చెప్పింది. కోడలికి కూడా ఎన్నడూ చెప్పని మాట అది.

అప్పుడాయన తన ఖాకీ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ల్యాంపు రూంలో ఇద్దరు కావాలని రాసి ఉంది దాంట్లో. బావిలోకి దిగేవాళ్లు తమ పేరు నంబరున్న ఇత్తడి బిళ్ల ల్యాంపు రూంలో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. ఆ ఇచ్చిపుచ్చుకునే పని అది. నీడపట్టు పని, భూమి మీది పని.

"కింద పనిచేసేటోళ్లకే ఇస్తరటవ్వా. సదువుడు రాసుడు రావాలె. రేపు పన్నెండు గంటల లోపు దరఖాస్తు వెట్టుకోవాలె. బాయి కాడ అంటించింది వానకు నానిపోయింది. రాత్రి వచ్చి నల్లా కాడ అంటించినదాన్ని ఎవ్వరు సూడలే. నోటితోనన్న చెప్దామని పొద్దటిసంది మూడు లైన్లు తిరిగిన. ఒక్క తలుపు తియ్యలే."

అవ్వ ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించింది. పైపని మా లైనులోకి తనంతట తాను సైకిల్ మీద వచ్చింది, మేం గొళ్లేలు పెట్టుకుని కూర్చున్నాం. ఇద్దరు కావాలన్నారు కదా, అవ్వకు వెంటనే తట్టింది పక్కింటి బావే. "పో బిడ్డా, జల్ది పో. అక్కకు చెప్పు. ఆయన రాంగనే దరఖాస్తు వెట్టుమను. మర్షిపోకు, రేపు పన్నెండు గంటల లోపు" అని నన్ను లేపింది.

ఇక్కడి నుంచి చెప్పేది నా సంగతి. నేను పోయి అక్క తలుపు కొట్టాను. లోపల అలికిడి లేదు. మళ్లీ కొట్టాను. తలుపుకు అవతల ఎవరో ఉన్నట్టు బట్టల సవ్వడి మాత్రం వినిపించింది. అక్కా, నేను, తలుపు తియ్యి అన్నాను. తియ్యలేదు. మూడోసారి కొడుతుండగా మా మెట్టు మీది నుంచి ఆయన నన్ను చూసి, "బిడ్డా, గంట కొడ్తవా?" అని సైకిల్ వైపు చూపించాడు. ఎనిమిది నెలల తర్వాత ఒక పిల్ల తన ముందు నుంచి పారిపోకుండా నిలబడిందన్న సంతోషం ఆయనది.

ఆ సైకిల్‌ను మా లైను పిల్లలెవరూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే బాపు చచ్చిపోతాడని చెప్పుకునేవాళ్లం. ఆ రోజు నేను దాన్ని ముట్టుకోవచ్చు! గుండ్రటి ఇత్తడి గంట ఎండకు మెరుస్తోంది. నేను తలుపు దగ్గర ఇంకొక్క నిమిషం నిలబడి ఉండాల్సింది. గట్టిగా అరిచి ఆ సంగతి తలుపు సందులోంచి చెప్పినా సరిపోయేది. నేను నిలబడలేదు. పరుగెత్తుకుంటూ వచ్చి గంట కొట్టాను. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పెట్టేదాకా కొట్టాను.

"చెప్పినవా?" అంది అవ్వ.

"చెప్పిన" అన్నాను.

అంతే. అంత చిన్న మాట అది. గంట కొడుతూనే అన్నాను.

సాయంత్రం బాపు డ్యూటీ నుంచి రాగానే అవ్వ కూర్చోనివ్వలేదు. నాచేతే దరఖాస్తు రాయించి, ఆఫీసుకు పంపించింది. బావకు కూడా కబురు చేశామని చెప్పింది. బావ చదువుకున్నవాడు, తనకంటే ముందే రాసి ఇచ్చి ఉంటాడని బాపు అనుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం దాటినా బావ దరఖాస్తు పెట్టలేదని తెలిసి, కిందిపనికి జీతం ఎక్కువ కదా, పడుచువాడు, అదే కావాలనుకున్నాడేమో అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఎదురుగా అడగడానికి మొహమాటం. మగవాళ్లు పక్కపక్కన ప్రాణాలు పెట్టి పనిచేస్తారు గానీ ఒక చిన్న మాట అడగడానికి మాత్రం నోరు రాదు. రెండో ఉద్యోగం వేరే లైనులో ఎవరికో పోయింది.

బాపు పైపనికి మారిన రోజు బావ మా గుమ్మంలోకి వచ్చాడు. "మంచిగైంది మామా. ఇగ మా దీపం జర మంచిది సూసియ్యి" అని నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. నేను తలుపు పక్కన నిలబడి ఆ నవ్వు చూశాను. నోటి దగ్గరే ఉంది గానీ, కళ్ల దాకా రాలేదు. మా బాపు ఉద్యోగం సంగతి దాచిపెట్టాడని బావ అనుకున్నాడని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. పదకొండేళ్ల పిల్లకు అర్థం కాదని మీరు అనుకోవచ్చు. బాగా అర్థమవుతుంది. చెప్పడానికి అదే సమయం అనీ తెలుసు. బావ వెళ్లిపోయేదాకా నేను జడ కొస నములుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత అయిదారు వారాలు మా ఇంట్లో పండగలా ఉంది. బాపు గోడను కొట్టి చూడడం మానేశాడు. అమ్మ నిద్రపోవడం మొదలుపెట్టింది. సైకిల్ కాక, అప్పటికి ఆయన్ని అలా పిలవడం మొదలుపెట్టాను, రోజూ మా మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగి వెళ్లేవాడు. నేను మాత్రం పొద్దున జడ వేయించుకునేటప్పుడు అక్క ముఖంలోకి చూడలేకపోయేదాన్ని. అక్క చేతులు నా జుట్టులో ఉన్నంతసేపూ, ఇప్పుడు చెబుదాం, ఈ పాయ అయ్యాక చెబుదాం అనుకునేదాన్ని. జడ అయిపోయేది. రిబ్బను ముడి పడేది. నేను బడికి పోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ సైరన్ మోగింది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ అందరికీ తెలుసు. దానికి ఒళ్లు దానంతట అదే లేస్తుంది, గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతుంది. వేళ కాని సైరన్ అలా కాదు. అది ఆగకుండా మోగుతుంటే లైను అంతా రోడ్డు మీదికి వచ్చి, బావి ఉన్న దిక్కుకు తిరిగి నిలబడింది. గంట గడిచింది. సైకిల్ వచ్చింది.

ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు. గంట కొట్టకుండా, మెల్లగా తొక్కుకుంటూ వచ్చాడాయన. మొదటి ఇల్లు దాటాడు. ఆ ఇంటావిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. మా బాపు ల్యాంపు రూంలో ఉన్నాడని తెలిసి కూడా అమ్మ నా భుజం పట్టుకున్న చోట గోళ్లు దిగాయి. మా మెట్టు దాటాడు. మా వైపు చూడలేదు. పక్కింటి ముందు రెండు కాళ్లూ నేల మీద పెట్టి దిగాడు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన ఏమీ అనక్కర్లేకపోయింది. అవ్వ పరుగున పోయి అక్కను పట్టుకుంది. నేను ఆ తెరిచిన తలుపును చూస్తూ ఉండిపోయాను.

బాపు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఒక్కటి దప్ప దీపాలన్ని వచ్చినయి. బిళ్లలన్ని ఇచ్చేసిన. వాని బిళ్ల ఒక్కటి మేకుకే ఉన్నది. నేను సూడంగ దీపం ఎవరన్న వెట్టిపోయిన్రేమో అని కింద మీద దేవులాడిన" అన్నాడు. మళ్లీ తనే, "వాన్ని ఒక్క మాట నేనే అడిగితే ఏంబోయె" అన్నాడు. ఆ మాట విన్నాక నా వల్ల కాలేదు. దొడ్లోకి పోయి అవ్వ దగ్గర అంతా చెప్పేశాను. తలుపు, గంట, "చెప్పిన" అన్న మాట.

అవ్వ కొట్టలేదు. కొడితే బాగుండునని ఎంతగా కోరుకున్నానో! బిందెలోంచి నీళ్లు ముంచి నా ముఖం కడిగింది. తర్వాత, "తలుపు తియ్యకపోతే తీసేదాంక కొట్టాలె బిడ్డా. ఇగ నీ పని గదే" అంది. బాపుకు చెప్పలేదు. ఆయన బతికినంతకాలం చెప్పలేదు.

అది ఊరికే అన్నమాట కాదు. దినవారాలు అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక అక్క మళ్లీ గొళ్లెం పెట్టుకుంది. రోజూ పొద్దున అవ్వ నా చేతికి అన్నం గిన్నె ఇచ్చి పంపేది. తలుపు తెరిచేదాకా నేను ఇంటికి రాకూడదు. ఒకరోజు బడికి పోకుండా మధ్యాహ్నం దాకా కొట్టాను. వేళ్లు వాచాయి. అక్క లోపలి నుంచి నన్ను పొమ్మని తిట్టింది, ఏడ్చింది, ఏమీ అనకుండా ఊరుకుంది. నేను కొట్టాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో తలుపు తెరిచి, గిన్నె తీసుకుని, నా చింపిరి జుట్టు చూసి, "నూనె సీస తెచ్చినవా?" అంది. నేను ఇంటికి పరుగెత్తి తెచ్చాను.

బావ పోయినందుకు అక్కకు కంపెనీ బడిలో ఆయా పని వచ్చే వీలుందని చెప్పిందీ సైకిల్ కాకే. కాగితాలన్నీ ఆయనే తెచ్చాడు. ఏ చేత్తో కబురు తెచ్చాడో అదే చేత్తో తెచ్చాడు. ఆ పనిలో అక్క ముప్పై ఏళ్లకు పైగా చేసింది. నా ఉద్యోగమూ అలాంటిదే. ఇంటర్ అయ్యాక ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు, ఒకరోజు ఆయన మా మెట్టు మీద నీళ్లు తాగుతూ, తాను రిటైరవుతున్నానని, తన చోటుకు ఆడపిల్లలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని కాగితంలో రాసి ఉందని చెప్పాడు. అమ్మ భయపడింది. ఆడపిల్ల ఆ కబుర్లు మోస్తుందా అని ఏడ్చింది. అప్పటికి బాగా ముసలిదైన అవ్వ మాత్రం, "మోస్తది. నేర్షింది" అంది.

ఆ విధంగా నేను ఆ సైకిల్ ఎక్కాను. ఎక్కిన మొదటి రోజే రెండు పనులు చేశాను. దానికి ఉన్న గంట విప్పేశాను. ఎందుకమ్మా అని అడిగినవాళ్లకు తుప్పు పట్టిందని చెప్పాను. రెండోది, నా దారిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ దిగడం. పని ఉన్నా లేకున్నా దిగేదాన్ని, తలుపు కొట్టేదాన్ని, నీళ్లడిగేదాన్ని. మొదట్లో నన్ను చూసి కూడా గొళ్లేలు పెట్టుకున్నారు. తీసేదాకా కొట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి నేను దిగడం అంటే నీళ్లు తాగడం అని జనానికి అలవాటైంది. ఎవరికి ఏ ఖాళీ ఉందో, ఎక్కడ ఏ పరీక్ష పడుతుందో ఆ నీళ్ల దగ్గరే చెప్పేదాన్ని. ఎందరో బతుకులు నిలబెట్టానని గొప్పలు చెప్పను. అసలు కబురు మోయాల్సిన రోజులూ నాకు వచ్చాయి. ఆ రోజుల్లో కూడా తలుపులు తెరిచే ఉండేవి. అది మంచో చెడో నాకు తెలియదు.

అక్కకు నా తప్పు చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అవ్వ పోయిన ఏడాది, ఇద్దరం కూర్చుని చిక్కుళ్లు వలుస్తుండగా చెప్పాను. ఆ రోజు నేను ఎందుకు తలుపు కొట్టానో, చెప్పకుండానే వెనక్కి వచ్చి చెప్పానని ఎలా అన్నానో చెప్పాను. అక్క చిక్కుళ్లు వలవడం ఆపలేదు.

"నువ్వు కొట్టింది ఇన్ననే" అంది. "తలుపు ఎనుకనే ఉన్న. మీ బాపు పోయిండనుకున్న. పిల్ల ఒక్కతే ఏడుస్తాంది, తియ్యాలెనని గొళ్లెం మీద చెయ్యి గూడ వెట్టిన. గప్పుడే సైకిల్ గంట మోగింది. ఆగకుంట మోగుతనే ఉన్నది. ఇగ నాకు చెయ్యి ఆడలే."

తర్వాత నా వీపు నిమిరింది. "నువ్వేం జేస్తవు, నీ తప్పేం లేదు. మీ బావకు గూడ ఆ తలుపు సంగతి నేను చెప్పలే, భయపడ్డ. మీ బాపు దాషిండనుకునే పోయిండు ఆయన. పాపం నాదే" అంది.

ఆ గంట కొట్టింది సైకిల్ కాక అనుకుంటోంది అక్క. నేను సరిదిద్దలేదు. నోటి దగ్గరికి వచ్చింది. చిక్కుడుకాయలు అయిపోయాయి. నేను లేచి ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు మా చుట్టుపక్కల చాలా బావులు మూతపడ్డాయి. కబుర్లు ఫోన్లలో వస్తున్నాయి. సగం క్వార్టర్లు ఖాళీ. మిగతా వాటిలో కాంట్రాక్టు పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఉంటున్నారు. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు. లైను వాళ్లు వాళ్లను చూసి తలుపులేసుకుంటారు. వాళ్లూ మమ్మల్ని చూసి తలుపులేసుకుంటారు. నేను పోయి కొడతాను. మొన్న ఒక పిల్లాడు భయంభయంగా తలుపు సందులోంచి చూసి, నా చేతిలో చెంబు చూసి ఆశ్చర్యపోయాడు.

అక్క ఇంకా పక్కింట్లోనే ఉంది. రెండేళ్ల నుంచి ఆమెకు చూపు ఆనడం లేదు. సాయంత్రాలు నేను పోయి పేపరు చదివి వినిపిస్తాను. ఈ మధ్య నేనేదో రాస్తున్నానని ఆమెకు తెలిసింది. అయినంక నాకు చదివి చెప్పాలె, ఒక్క అక్షరం ఇడ్వద్దు అంది. సరేనన్నాను. ఇవాళ్టికి రాయడం అయిపోయింది. రేపు ఈ కాగితాలు పట్టుకుని పోయి ఆ తలుపు కొట్టాలి. ఆమె తీస్తుంది. గంట దగ్గరికి వచ్చాక ఆగకుండా చదవాల్సింది నేను.